బాడీ బిగించాక ఆరిపోయే కారు: డైకాస్ట్ మోడళ్లలో లైట్లు, సౌండ్ సమస్యలు - పరిష్కారాలు

డైకాస్ట్ కారులో, అంటే లోహాన్ని పోతపోసి చేసిన మోడల్ కారులో, లైట్లు, హారన్ పెట్టాలని కూర్చున్నవాళ్లు విసిగిపోయేది మొదట్లో కాదు, చివర్లో. బల్ల మీద అన్నీ వెలుగుతాయి. హారన్ మోగుతుంది. ఇంట్లోవాళ్లని పిలిచి మరీ చూపిస్తాం. తీరా అడుగు ప్లేటు పెట్టి స్క్రూలు బిగించగానే ఒక హెడ్‌లైట్ ఆరిపోతుంది, లేదా కారంతా చచ్చిపోతుంది. సర్క్యూట్ తప్పు కాదు, చేతకాకపోవడం అంతకంటే కాదు. కారు బాడీ లోహం, లోపల చోటు తక్కువ, మనది సముద్రపు ఊరు. విశాఖలో నా చేతికి వచ్చిన మోడళ్లలో ఎక్కువ గొడవలు ఈ మూడింటి దగ్గరే పుట్టాయి.

దగ్గర పెట్టుకోవాల్సిన సామాను తక్కువే. బీప్ కొట్టే మల్టీమీటర్, సన్న మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్, బంగారు రంగులో ఉండి, వేడిని తట్టుకుని కరెంటుని ఆపే కాప్టన్ టేప్, 390, 680 ఓమ్‌ల రెసిస్టర్లు కొన్ని, ఒక చిన్న సీసా ఐసోప్రొపైల్ ఆల్కహాల్. కింద చెప్పినవి 1:18, 1:24 కార్లని (అసలు కారులో పద్దెనిమిదో వంతు, ఇరవై నాలుగో వంతు పొడవున్నవి) దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. 1:64 కార్లలో లైట్లు పెట్టవచ్చు గానీ, సౌండ్ కోసం దాన్ని కోసి పాడుచేయకండి. చోటు చాలదు.

బల్ల మీద వెలిగింది, స్క్రూ బిగించగానే ఆరిపోయింది

డైకాస్ట్ బాడీని జమాక్ అనే మిశ్రమ లోహంతో పోత పోస్తారు. అందులో ఎక్కువ భాగం జింక్, దానికి తోడు అల్యూమినియం, కొద్దిగా రాగి, మెగ్నీషియం. అంటే బాడీ మొత్తం కరెంటు పారే వస్తువే. పైన పెయింట్ ఉంటుంది కాబట్టి మీటర్ ముల్లు ఆనిస్తే ఏమీ పలకదు, మనం నమ్మేస్తాం. కానీ స్క్రూ దిగే బుడిపెల లోపల, తలుపు కీళ్ల దగ్గర, మనం డ్రిల్ చేసిన బెజ్జాల అంచుల్లో పెయింట్ ఉండదు. వైరు అక్కడ తగిలితే కరెంటు దారి తప్పినట్టే.

మా పెదవాల్తేరులో ఒకాయన ఉన్నారు. వయసులో ఉన్నప్పుడు రైల్వే స్టేషన్ దగ్గర అంబాసిడర్ టాక్సీ నడిపారు. కొడుకు కొనిచ్చిన జానెడు పొడవు అంబాసిడర్ మోడల్ తెచ్చి నా ముందు పెట్టి, "దీనికి డిమ్మూ డిప్పూ కావాల, హారన్ కావాల బాబూ. మిగతాది నీ ఇష్టం" అన్నారు. వారం రోజుల్లో పని అయిపోయింది. ఆయన్ని పిలిచి, ఆయన ముందే నాలుగో స్క్రూ బిగించాను. అన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. విప్పితే మళ్లీ వెలిగాయి. బిగిస్తే ఆరాయి.

ఆయన్ని కూర్చోబెట్టి, భూతద్దం తీసుకుని చూశాను. ముందు కుడివైపు స్క్రూ బుడిపె అడుగున ఎర్ర వైరు నలిగి ఉంది. తెగలేదు. పైకి చూస్తే బాగానే ఉంది. వేలితో కొంచెం వంచితే తొడుగు మీద గోరుతో గీరినంత చీలిక కనిపించింది, అందులోంచి ఒకే ఒక్క రాగి పోగు మెరిసింది. నల్ల వైరు అంతకుముందే వెనక ఇరుసు దగ్గర బాడీకి తగిలి ఉంది. ఒక్కటి తగిలితే ఏమీ కాదు, అందుకే మూడు స్క్రూల దాకా బాగానే నడిచింది. రెండోది తగిలేసరికి ప్లస్సూ మైనస్సూ బాడీలోంచి కలిసిపోయాయి.

దీన్ని పట్టుకునే పద్ధతి ఇది. ముందు బ్యాటరీ తీసేయండి. మీటర్‌ని బీప్ మీద పెట్టి, ఒక ముల్లుని స్క్రూ బుడిపె లోపలి తెల్ల లోహానికి ఆనించండి. రెండో ముల్లుతో ఒక్కో వైరు చివర తాకుతూ వెళ్లండి. ఏ వైరు దగ్గరా బీప్ రాకూడదు. మైనస్ వైరు దగ్గర బీప్ వస్తే "మైనస్సే కదా" అని వదిలేయకండి, సగం షార్ట్ అప్పటికే అయినట్టు. తరవాత అడుగు ప్లేటు ఊరికే ఆనించి మళ్లీ చూడండి. ఒక స్క్రూ బిగించి మళ్లీ. రెండోది బిగించి మళ్లీ. ఏ స్క్రూ దగ్గర బీప్ వచ్చిందో తప్పు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. పది నిమిషాలు పడుతుంది, కానీ మొత్తం విప్పి వెతికే రెండు గంటలు మిగులుతాయి.

బాగుచేసేటప్పుడు నలిగిన వైరుకి టేప్ చుట్టి ఊరుకోకండి, అది మళ్లీ అక్కడే నలుగుతుంది. వైరు వెళ్లే దారి మార్చండి. స్క్రూ బుడిపెకి అర సెంటీమీటర్ దూరంగా, బాడీ లోపలి మూలల వెంట నడిపి, ప్రతి 2 సెంటీమీటర్లకి చిన్న టేప్ ముక్కతో అంటించండి. బుడిపెల చుట్టూ, ఇరుసు పైన కాప్టన్ టేప్ వేయండి. డ్రిల్ చేసిన బెజ్జం అంచుని సన్న ఆకురాయితో నున్నగా రుద్ది, వైరుకి ష్రింక్ ట్యూబ్ (వేడి తగిలితే బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) తొడిగి దూర్చండి. డ్రిల్ చేసినప్పుడు రాలే లోహపు పొడిని బ్రష్‌తో పూర్తిగా దులపండి. ఒక్క మెరుపు రవ్వ సౌండ్ మాడ్యూల్ (శబ్దాలు పలికించే చిన్న బోర్డు) కాళ్ల మధ్య పడితే, ఒకసారి పనిచేసి ఒకసారి పనిచేయని రోగం పట్టుకుంటుంది. దాన్ని వెతకడం అన్నిటికంటే కష్టం.

ఇదంతా చూస్తూ ఆయన ఒక మాట అన్నారు: "అసలు కారులో బల్బుకి ఒక్క వైరే కదా బాబూ? రెండోది బాడీయే కదా, ఎర్తు. నువ్వేటి రెండేసి వైర్లు లాగుతున్నావు?" ఆయన మాట నిజమే. పెద్ద కారులో బాడీయే తిరుగు దారి. మోడల్‌లో కూడా అలా చేస్తే వైర్లు సగానికి సగం తగ్గుతాయి, కొందరు చేస్తారు కూడా. నేను వద్దంటాను. జమాక్‌కి సోల్డర్ సరిగా అంటుకోదు, స్క్రూ కింద వైరు నొక్కిపెట్టాల్సి వస్తుంది. రాగీ జింకూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నచోట ఉప్పు తేమ చేరితే జింక్ తినేసుకుపోతుంది. మన ఊరి గాలికి ఆ కీలు ఎన్నాళ్లో నిలవదు. పైగా బాడీని మైనస్‌గా వాడితే, మిగతా ప్లస్ వైర్లలో ఏది ఎక్కడ తగిలినా షార్టే. రెండు వైర్లు లాగండి, బాడీని ఏ పక్షానికీ కలపకండి.

ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి, తెల్లవి మాత్రం వెలగట్లేదు

కొత్తవాళ్లందరూ ఒకసారైనా చూసే సమస్య ఇది. హెడ్‌లైట్లూ టెయిల్ లైట్లూ అన్నీ కలిపి, మొత్తానికి ఒకే రెసిస్టర్ పెడతారు. వెనక ఎర్రగా వెలుగుతుంది, ముందు చీకటి. తెల్ల ఎల్ఈడీలు కాలిపోయాయనుకుని కొత్తవి వేస్తారు. అవీ వెలగవు.

ఎర్ర ఎల్ఈడీ సుమారు 2 వోల్ట్‌ల దగ్గర వెలుగుతుంది. తెల్లదానికి 3 వోల్ట్‌లకి పైన కావాలి. రెండింటినీ పక్కపక్కనే కలిపి ఒకే రెసిస్టర్ ఇస్తే ఎర్రది 2 వోల్ట్‌ల దగ్గరే కరెంటంతా లాగేసుకుంటుంది. నీళ్ల తొట్టికి సగం ఎత్తులో చిల్లు ఉంటే నీళ్లు పై అంచు దాకా ఎక్కవు కదా, అలా వోల్టేజి 3 దాకా పెరగదు. ఎర్రదాన్ని ఒక్క క్షణం ఊడదీసి చూడండి. తెల్లవి వెలిగాయంటే కారణం ఇదే.

ప్రతి ఎల్ఈడీకి దాని రెసిస్టర్ దానికే ఉండాలి. లెక్క తేలిక: బ్యాటరీ వోల్టేజిలోంచి ఎల్ఈడీ వోల్టేజి తీసేసి, కావలసిన కరెంటుతో భాగించాలి. 3 మి.మీ. ఎల్ఈడీ 20 మిల్లీఆంప్‌ల దాకా తట్టుకుంటుంది గానీ మోడల్ కారుకి అంత అక్కర్లేదు, 5 చాలు. 5 వోల్ట్‌ల సప్లైకి తెల్లదానికి 380 వస్తుంది, 390 ఓమ్‌లు వేయండి. రంగులు ఆరెంజ్, తెలుపు, బ్రౌన్. ఎర్రదానికి 600 వస్తుంది, 680 వేయండి: నీలం, గ్రే, బ్రౌన్. పార్కింగ్ లైట్లలా మసగ్గా కావాలంటే 2 కిలో ఓమ్‌ల దాకా పెంచినా అందంగానే ఉంటుంది.

దీనికి తోబుట్టువు లాంటి సమస్య ఇంకొకటి. లిథియం బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు అన్నీ బాగుంటాయి, కాసేపటికి హెడ్‌లైట్లు మాత్రం నీరసపడతాయి, టెయిల్ లైట్లు దాదాపు అలాగే ఉంటాయి. బ్యాటరీ 4.2 వోల్ట్‌ల నుంచి 3.4కి దిగేసరికి తెల్లదాని వోల్టేజి పోగా దాని రెసిస్టర్‌కి మిగిలేది అర వోల్ట్ కూడా ఉండదు. వోల్టేజి పెంచే చిన్న బూస్ట్ కన్వర్టర్ బోర్డు పెట్టి లైట్లకి 5 వోల్ట్‌లు ఇస్తే సరిపోతుంది. సౌండ్ మాడ్యూల్‌ని మాత్రం బూస్టర్ మీద పెట్టకండి, బ్యాటరీ నుంచే నేరుగా ఇవ్వండి. లేకపోతే బూస్టర్ చేసే సన్న కూత స్పీకర్లో వినిపిస్తుంది.

సోల్డర్ బాగానే పట్టింది, కానీ కరెంటు రావట్లేదు

సన్న వైరు కోసం మోటార్ వైండింగ్ షాపుకి వెళ్లి ఎనామిల్ రాగి తీగ తెచ్చుకోవడం మంచి పని. 38 గేజి తీగ మందం 0.15 మి.మీ., తలవెంట్రుకకి దాదాపు రెట్టింపు. ఎంత సన్నటి సందులోనైనా దూరుతుంది. అయితే దాని రాగి రంగు చూసి మోసపోకండి. పైన కంటికి కనిపించని ఎనామిల్ పూత ఉంటుంది. సోల్డర్ దాని చుట్టూ ముద్దలా గడ్డకడుతుంది, లోపలి రాగిని తాకదు. బ్లేడుతో గీకితే సన్న తీగ తెగిపోతుంది. ఐరన్ మొన మీద సోల్డర్ చుక్క పెట్టి, ఐరన్ వేడి కొంచెం పెంచి, తీగ చివరని ఆ చుక్కలో మూడు నాలుగు క్షణాలు ముంచి ఉంచండి. కొన్ని రకాల పూత అక్కడే కాలిపోయి తీగ వెండిలా తెల్లబడుతుంది. తెల్లబడకపోతే అది గట్టి రకం పూత, నున్నటి ఉప్పుకాగితం మడతలో పెట్టి నెమ్మదిగా లాగండి. రెండు చివరలకీ మీటర్ పెట్టి బీప్ విన్నాకే కారులోకి ఎక్కించండి.

ఈ తీగ లైట్లకే. బ్యాటరీకీ స్పీకర్‌కీ తొడుగున్న కాస్త లావు వైరే వాడండి.

వెలుగుతోంది, కానీ అసలు కారులా లేదు

హెడ్‌లైట్ నీలంగా ఉందంటే కూల్ వైట్ ఎల్ఈడీ వేశారు. అంబాసిడర్, పద్మిని లాంటి పాత కార్లకి అది అస్సలు నప్పదు. వార్మ్ వైట్ అడిగి తీసుకోండి. ఇప్పటికే అంటించేసి ఉంటే పారదర్శకమైన పసుపు గ్లాస్ పెయింట్ ఒక్క పలుచటి పూత ఎల్ఈడీ మీద వేయండి. టెయిల్ లైట్ గులాబీ రంగులో, నీరసంగా ఉంటే ఎర్ర లెన్స్ వెనక తెల్ల ఎల్ఈడీ ఉందన్నమాట. ఎర్ర ప్లాస్టిక్ తెలుపులోని ఎరుపుని మాత్రమే బయటికి పంపుతుంది, తెల్ల ఎల్ఈడీలో ఆ ఎరుపు తక్కువ. ఎర్ర లెన్స్ వెనక ఎర్ర ఎల్ఈడీ పెట్టండి, తక్కువ కరెంటుకే నిప్పుకణికలా కనిపిస్తుంది.

బంపరూ గ్రిల్లూ డ్యాష్‌బోర్డూ కూడా వెలుగుతున్నాయంటే ప్లాస్టిక్‌లోంచి వెలుతురు కారుతోంది. లోపలివైపు ముందు వెండి రంగు, అది ఆరాక దానిపైన నలుపు వేయండి. ఎల్ఈడీ వెనక భాగానికి నల్ల ష్రింక్ ట్యూబ్ తొడగండి. చీకటి గదిలో చూస్తేనే ఈ లీకులు దొరుకుతాయి.

లెన్స్ మీద తెల్లటి మసక కమ్మితే అది సూపర్ గ్లూ ఆవిరి. అంటించిన గంటకో, మర్నాటికో కనిపిస్తుంది. లెన్స్ దగ్గర దాన్ని వాడనే వద్దు. ఆరితే పారదర్శకంగా మారే తెల్ల ఫెవికాల్ రకం బంక, లేదా రెండు ట్యూబుల ఎపాక్సీ వాడండి. మసక ఇప్పటికే పట్టేసి ఉంటే టూత్‌పేస్ట్ లేదా మెటల్ పాలిష్ గుడ్డకి రాసి ఓపిగ్గా రుద్దాలి. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను, చాలావరకు తగ్గుతుంది.

ముందు ఇండికేటర్ ఒక లయ, వెనకది ఇంకో లయ

తనంతట తాను మిణుకుమనే ఎల్ఈడీలు వాడారు. ఒక్కోదాని లోపల దాని చిప్ దానికే ఉంటుంది, రెండూ ఎప్పటికీ కలవవు. మామూలు ఎల్ఈడీలు పెట్టి, అన్నిటికీ ఒకే 555 టైమర్ చిప్ ఇవ్వండి. 10 కిలో ఓమ్‌లు, 47 కిలో ఓమ్‌లు, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేస్తే నిమిషానికి సుమారు 83 సార్లు కొట్టుకుంటుంది. అసలు వాహనాల ఇండికేటర్లు నిమిషానికి 60 నుంచి 120 మధ్య ఉంటాయి కాబట్టి ఇది చూడ్డానికి సహజంగా ఉంటుంది. బ్యాటరీ కొంచెం దిగగానే మిణుకు ఆగిపోతోందా? పాత ఎన్ఈ555కి కనీసం 4.5 వోల్ట్‌లు కావాలి. షాపులో టీఎల్‌సీ555 లేదా 7555 అని అడగండి, అవి 3 వోల్ట్‌లకీ నడుస్తాయి.

సౌండ్ గొడవలు

నేను ఎక్కువగా వాడేది డీఎఫ్‌ప్లేయర్ మినీ అనే మాడ్యూల్. 2 సెంటీమీటర్ల చదరం, మైక్రో ఎస్‌డీ కార్డు దూరుతుంది, ఆంప్లిఫయర్ లోపలే ఉంటుంది. 3.2 నుంచి 5 వోల్ట్‌ల దాకా నడుస్తుంది కాబట్టి లిథియం బ్యాటరీకి నేరుగా కలపవచ్చు.

అసలు శబ్దమే రాకపోతే ముందు కార్డుని అనుమానించండి. 32 జీబీకి మించకూడదు, ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి ఉండాలి. ఫైళ్లకి 0001, 0002 అని నాలుగంకెల పేర్లు పెట్టండి. హారన్ నొక్కితే ఇంజిన్ సౌండ్ వస్తోందంటే, ఫైళ్లు పేరు వరసలో కాక కార్డులోకి కాపీ చేసిన వరసలో పలుకుతున్నాయి. కార్డుని మళ్లీ ఫార్మాట్ చేసి, ఒక్కొక్క ఫైలుని వరసగా కాపీ చేయండి. అన్నీ ఒకేసారి లాగి పడేయకండి.

శబ్దం గరగరలాడుతూ, మాడ్యూల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోందా? వెంటనే ఆపేయండి. వైరు కలిసొస్తుందని స్పీకర్ ఒక కాలుని బ్యాటరీ మైనస్‌కి కలిపి ఉంటారు, లేదా స్పీకర్ లోహపు అంచు, కాళ్లు బాడీకి తగులుతూ ఉంటాయి. ఈ మాడ్యూల్‌కి స్పీకర్ వైర్లు రెండూ ప్రాణమున్న వైర్లే, వాటిలో మైనస్ అనేది లేదు. రెండింటినీ మాడ్యూల్‌లో వాటి స్థానాలకే కలపాలి, మరి దేనికీ తగలకూడదు. స్పీకర్ చుట్టూ కాప్టన్ టేప్ తప్పనిసరి. బాడీని ఏ పక్షానికీ కలపొద్దని ఇందాక అన్నానే, ఇక్కడ కూడా అదే కాపాడుతుంది. బాడీ మైనస్‌గా లేకపోతే ఒక్క కాలు తగిలినా మాడ్యూల్ బతుకుతుంది.

హారన్ మోగగానే లైట్లు మినుక్కుమని, మాడ్యూల్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతోందంటే బ్యాటరీ ఆ ఒక్క క్షణం లాగే కరెంటు ఇవ్వలేకపోతోంది. సీఆర్2032 బిళ్ల బ్యాటరీతో సౌండ్ నడపాలనుకున్నవాళ్లందరికీ ఇదే ఎదురవుతుంది. ఆ బిళ్ల ఒకటి రెండు ఎల్ఈడీలకి తప్ప దేనికీ సరిపోదు. లిథియం బ్యాటరీకి మారండి, లేదా మూడు ట్రిపుల్ ఏ సెల్స్ పెట్టండి. మాడ్యూల్ కాళ్ల దగ్గరే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయండి. దూరంగా వేస్తే ప్రయోజనం సగమే.

శబ్దం వస్తోంది గానీ దోమ పాడినట్టు ఉందంటారా? స్పీకర్ చెడిపోలేదు. స్పీకర్ పొర ముందుకి గాలిని తోసినప్పుడు వెనక గాలి లాగబడుతుంది. ముందు గాలీ వెనక గాలీ పక్కనుంచి కలిసిపోతే లావు శబ్దం మొత్తం చచ్చిపోతుంది. చేతిలో ఉన్న స్పీకర్‌ని ఒక అట్టముక్కలో గుండ్రటి బెజ్జం చేసి అందులో ఆనించి చూడండి, తేడా అక్కడే తెలుస్తుంది. కారులో దీనికి మందు స్పీకర్ వెనక మూసి ఉన్న చిన్న డబ్బా. మందు బిళ్లల ప్లాస్టిక్ డబ్బా మూత కూడా పనికొస్తుంది, చుట్టూ సందు లేకుండా ఎపాక్సీతో మూసేయాలి. పాత మొబైల్ ఫోన్లలో ప్లాస్టిక్ గూటితో సహా వచ్చే స్పీకర్లు దొరికితే ఇంకా మేలు. అడుగు ప్లేటులో స్పీకర్ ముందు నాలుగైదు బెజ్జాలు పెట్టండి. కారుని మెత్తటి గుడ్డ మీద పెడితే ఆ బెజ్జాలు మూసుకుపోతాయి, నున్నటి చెక్క మీద పెట్టండి.

రాత్రి ఆపేసి పడుకున్నాం, పొద్దున బ్యాటరీ ఖాళీ

మొదటి కారణం తేలికైంది. పాట ఆగినా మాడ్యూల్ ఆగదు. ఊరికే ఉన్నప్పుడు కూడా 20 మిల్లీఆంప్‌ల దాకా తాగుతుంది. 150 ఎంఏహెచ్ బ్యాటరీ ఏడెనిమిది గంటల్లో అయిపోతుంది. స్విచ్ లైట్లకి కాకుండా బ్యాటరీ ప్లస్ వైరుకే పెట్టండి.

రెండోది నాకు రెండు రోజులు పట్టింది. అడుగున చిన్న రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే స్విచ్) పెట్టి, డిస్‌ప్లే చెక్కలో అయస్కాంతం దాచాను. కారు చెక్క మీద పెడితే వెలగాలి, ఎత్తితే ఆరాలి. జమాక్ అయస్కాంతానికి అంటుకోదు, అడ్డుపడదు కాబట్టి బాడీలోంచి ఈ ఏర్పాటు బాగా పనిచేస్తుంది. కానీ కారు ఎత్తినా ఆరలేదు. స్విచ్ అతుక్కుపోయిందనుకుని రెండుసార్లు మార్చాను. చివరికి చూస్తే స్విచ్ పక్కనే స్పీకర్. స్పీకర్ వెనక ఉన్నది అయస్కాంతమే కదా, అదే స్విచ్‌ని రాత్రింబవళ్లు పట్టుకుని ఉంది. స్విచ్‌ని కారు ముందుకి, స్పీకర్‌ని డిక్కీలోకి జరిపాక సరిపోయింది. అంటించక ముందే మీటర్ బీప్ మీద పెట్టి, స్పీకర్‌ని స్విచ్ దగ్గరికి జరుపుతూ ఎంత దూరంలో పలుకుతోందో చూసుకోండి.

చార్జింగ్ విషయంలో ఒక జాగ్రత్త, దీన్ని దాటేయకండి. బజార్లో దొరికే టీపీ4056 చార్జింగ్ బోర్డు 1 ఆంప్ ఇచ్చేలా వస్తుంది. అది పెద్ద బ్యాటరీల కోసం. వేలెడు 150 ఎంఏహెచ్ బ్యాటరీకి అంత కరెంటు ఎక్కిస్తే వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, అంటుకోవచ్చు కూడా. బోర్డు మీద 122 అని రాసి ఉన్న బుల్లి రెసిస్టర్ తీసేసి 10 కిలో ఓమ్‌లది వేస్తే కరెంటు 130 మిల్లీఆంప్‌ల దగ్గరికి దిగుతుంది. ఆ పని చేతకాకపోతే లిథియం వద్దు, మూడు సెల్స్ డబ్బా పెట్టండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కి కారులో దూర్చకండి.

రెండు నెలలు బాగా నడిచింది, ఇప్పుడు మిణుకుమంటోంది

ఇది మన ఊరి రోగం. లాసన్స్ బే, పాండురంగపురం, వాల్తేరు, బీచ్ రోడ్డు పక్క ఇళ్లలో కిటికీ గ్రిల్స్‌కి తుప్పు ఎంత వేగంగా పడుతుందో చూసే ఉంటారు. ఆ గాలే కారులోకీ వెళ్తుంది. విప్పి చూస్తే సోల్డర్ కీళ్ల పక్కన ఆకుపచ్చటి చిలుము, బ్యాటరీ స్ప్రింగు మీద తెల్లపొడి, స్విచ్ కాళ్లు నల్లగా కనిపిస్తాయి.

గాలి ఒక్కదాని తప్పే కాదు. సోల్డర్ బాగా అంటుకోవడానికి వాడే ఫ్లక్స్ తాలూకు మిగిలిపోయిన జిగట తేమని పట్టి ఉంచుతుంది, ఉప్పు దాని మీద కూర్చుంటుంది. కాబట్టి సోల్డర్ అయిన రోజే పాత టూత్‌బ్రష్‌తో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి కడగండి. ఆరాక కీళ్ల మీద రంగులేని నెయిల్ పాలిష్ ఒక పూత వేయండి. స్విచ్ లోపలికి, సెల్ ఆనేచోట్లకి అది వెళ్లకూడదు. వైర్లు కదలకుండా సిలికాన్ రాస్తుంటే వాసన చూడండి. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు యాసిడ్ వదులుతుంది, రాగిని తినేస్తుంది. షాపులో న్యూట్రల్ రకం అడగండి.

ఇప్పటికే చిలుము పట్టిన కీలుని కడిగి వదిలేయకండి. కరిగించి, పాత సోల్డర్ తీసేసి, కొత్తది వేయండి. వైరు లోపల కూడా నల్లబడి ఉంటే శుభ్రమైన రాగి కనిపించేదాకా వెనక్కి కత్తిరించండి. ఆల్కలైన్ సెల్స్ కారిన తెల్లపొడికి నిమ్మరసం చుక్క దూదికి అద్ది తుడిచి, తరవాత ఆల్కహాల్‌తో మళ్లీ తుడవండి. కారు నెలల తరబడి అలమారలో ఉండేదైతే సెల్స్ తీసి పెట్టండి, పక్కన సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. వర్షాకాలంలో పొట్లం మార్చడం మరిచిపోకండి.

రిమోట్ కారు బయట పనిచేసింది, లోపల పెడితే అందట్లేదు

లోహపు బాడీ రేడియో తరంగాలని ఆపేస్తుంది. రిసీవర్ యాంటెనా కొసని ముందు అద్దం వెనకకో, ప్లాస్టిక్ అడుగు ప్లేటు దగ్గరికో తెచ్చి పెట్టండి. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ అయితే దాని కన్ను అద్దంలోంచి కనిపించాలి.

కొనుక్కొచ్చిన లైట్-సౌండ్ కారు గొంతు మొద్దుబారింది

తలుపు తీస్తే ఇంజిన్ మోగి హెడ్‌లైట్లు వెలిగే పుల్‌బ్యాక్ కార్లలో తరచూ మూడు ఎల్ఆర్41 బిళ్లలు ఉంటాయి. గొంతు నెమ్మదించి లావెక్కిందంటే బిళ్లలు అయిపోవచ్చాయి. మూడూ ఒకేసారి మార్చండి, కొత్తవీ పాతవీ కలపకండి. తలుపు తీసినా పలకకపోతే కీలు పక్కన ఉండే రాగి రేకు వంగి ఉంటుంది, పట్టకారుతో అర మిల్లీమీటర్ ఇటు వంచితే చాలు.

బిళ్లల మూతకి స్క్రూ తప్పకుండా బిగించండి. చిన్నపిల్ల బిళ్ల మింగితే అది గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే కాల్చేస్తుంది. మింగిందేమోనని అనుమానం వచ్చినా సరే, బయటికి వస్తుందిలే అని చూడకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

హారన్ నొక్కాక కాస్త ఆగి మోగుతోంది

అంబాసిడర్ చివరి ఫిర్యాదు ఇది. అన్నీ కుదిరాక ఆయన బటన్ నొక్కి, ఒక క్షణం నా వైపు చూసి, అప్పుడు మోగిన హారన్ విని తల అడ్డంగా ఊపారు. "ఇలా మోగితే ఎదురొచ్చేవాడు గుద్దేస్తాడు బాబూ." మాడ్యూల్ కార్డు చదవడానికి కొంచెం సమయం తీసుకుంటుంది, దాన్ని మనం తగ్గించలేం. కానీ ఫైలు మొదట్లో ఉండే నిశ్శబ్దం మన చేతిలోనిదే. ఎంపీ3గా మార్చినప్పుడు ముందు చిన్న ఖాళీ చేరుతుంది, రికార్డింగులో ఉన్న ఖాళీ దానికి అదనం. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, శబ్దం గీత పైకి లేచే చోటు దాకా కత్తిరించి, ఎంపీ3 కాకుండా వేవ్ ఫైలుగా సేవ్ చేసి కార్డులో వేశాను. ఆయన మళ్లీ వచ్చి రెండుసార్లు నొక్కి చూశారు, మూడోసారి డిమ్మూ డిప్పూ కొడుతూ నొక్కారు.